గ్రేడు

నాలుగు రోజులు లవంగం నమిలా.
ఐదో రోజు, ఎవరూ చూడకుండా
గ్రేడింగు షెడ్డులో ఒక పొగాకు ఈనె విరిచి
కింది దవడలో కుడివైపు దోపుకున్నా.
తిమ్మిరెక్కింది పన్ను కాదు, తల.
ఆకుల కుప్ప ముందు ఊగతా కూర్చున్నా.

"ఇంటిపన్ను ఎగ్గొడితే నోటీసు పగలొచ్చుద్ది,
నోటిపన్ను నోటీసు రాత్రి రెండింటికి," అంది యలమందమ్మ.
"నోట్లుంటేనేనే, నోట్లో పళ్లుండేది!"
షెడ్డంతా నవ్వింది.
నేనూ నవ్వా,
ఎడమవైపు మాత్రం.

కందుకూరు పెద్దాసుపత్రిలో పళ్ల కుర్చీ ఉంది.
ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు.
డాక్టరు మంగళ, శుక్రవారాలని బోర్డు.
మంగళవారం పొయ్యా, మీటింగంట.
శుక్రవారం పొయ్యా, కరెంటు లేదు.
రెండు రోజుల కూలీ, కొండపి నించి బస్సు చార్జీలూ
ఆ ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టి
తెల్ల బిళ్లల పొట్లంతో తిరిగొచ్చా.

పామూరు రోడ్డులో అద్దాల ఆసుపత్రి.
చెప్పులు బయట విడిస్తే
లోపలి నేల చల్లదనం పాదాలకి తెలిసింది.
కుర్ర డాక్టరు లైటేసి చూశాడు,
చిన్న ఎక్సరే తీసి తెర మీద పెట్టాడు.
"వేరు గట్టిగుందమ్మా. ఇంకో ముప్పయ్యేళ్లు నములుద్ది.
రూట్ కెనాల్ చేసి క్యాపేస్తే నిలబడుద్ది."
ఎంతయ్యా?
"పింగాణీదైతే ఏడున్నర వేలు. మామూలుదైతే ఆరు."
పీకితే?
నా ముఖంలోకి కాదు, ఎక్సరేలోకి చూస్తా
"ఐదొందలు" అన్నాడు.

ఆరువేలంటే నాకు అంకె కాదు.
పదిహేడు తెల్లవారుజాములు,
ఒకే ఆటోలో పన్నెండు మందిమి, కాలు మీద కాలు.
పదిహేడు సాయంత్రాలు
చింతపండేసి రుద్దినా వదలని చేతుల జిగురు,
కలిపిన ముద్ద కలిపినట్టే చేదు.

బయట బెంచీ మీద మా ఆసామి భార్య శేషారత్నం గారు.
కూతురి పళ్లకి తీగ బిగించను వచ్చారంట,
ఎగుడుదిగుడున్నయ్యని.
మంచి మనిషి. వాచిన నా చెంప చూసి
"పీకించుకోబాకే సువార్తా, నేనిస్తాగా.
వచ్చే సీజను కూలిలో పట్టుకుంటాలే" అంది.
మాట తియ్యగానే ఉంది.
తియ్యనిది తగిలితేనే గదా
నా పన్ను జివ్వుమనేది.
వచ్చే ఏడు రేటు పెంచమని అడగాలి మేమంతా.
అడిగే నోట్లో
ఆమె కట్టించిన క్యాపుంటది.

లోపలికి పోయి
"పీకయ్యా" అన్నా.

ట్రేలో పడి టంగుమంది.
చూపించమన్నా. అతనికి వింతగా ఉన్నట్టుంది.
అలవాటు చొప్పున బొటనవేలితో తుడిచి
కిటికీ వెలుగుకి పట్టి చూశా.
ఒక పక్క మిరియమంత గుంట.
మిగతాదంతా మేలిరకం.

మధ్యాన్నప్పూట కూలన్నా దక్కుద్దని
దూది కరుచుకుని షెడ్డుకే పొయ్యా.
నిమ్మపండు రంగు ఆకొకటి చేతికొచ్చింది,
మూరెడు పొడుగు, అంచున నల్లమచ్చ.
మచ్చ పడిందని ఆకునెవరూ పారెయ్యరు.
మచ్చ మేరకు గిల్లి
మిగిలింది పైరకంలో వేస్తాం.
వేలంలో దానికీ ఒక పాట ఉంటది.

"ఎంతసేపు చూస్తావే ఆ ఒక్క ఆకునీ?"
గుమస్తా తల మీద నిలబడి అడిగాడు.
నోట్లో దూది.
చెప్పలేకపొయ్యా.