తూకం చీటీ

మిల్లుల కడమ లారీ పోయినంక
రాత్రి పదిన్నరకు
లింగస్వామి రెండు బండ్లు తెచ్చిండు.
ఒకటి తను నడుపుకుంట, ఇంకోటి బామ్మర్దితోని.

వేబ్రిడ్జి కాడ పద్దెనిమిదేండ్ల సంది కూచున్నదాన్ని.
లారీ ఎక్కంగనే ప్లేటు చేసే చప్పుడును బట్టి
తడి వడ్లా, ఎండినయా చెప్తా.
చిట్టీ ఎత్తితే నాలుగు లక్షల అరవై వేలొచ్చినయి.
బంగారం కొనుమన్నరు అందరు.
నాకేమో నార్కట్‌పల్లి తొవ్వల
నన్ను నేనొకపారి విసిరేసుకోవాలని.

పాతది రెండువేల రెండు సిటీ. వీటెక్.
నంబరు ఇంకా ఏపీ ఇరవై నాలుగే.
రాష్ట్రం రెండుసార్లు అక్షరాలు మార్చుకున్నా
అది మార్చుకోలే.
బానెట్ మీద రంగు ఎండకు చిట్లింది,
కుడి తలుపు రెండోసారికి గాని పడదు.
కొత్తది, అంటే కొత్తదేం కాదు, పదేండ్ల పోలో.
ఎర్రది. టర్బో. క్లచ్చు లేదు.
తలుపేస్తే బీరువా మూసినట్టు.
పాతది రెండు నలభై. కొత్తది నాలుగు అరవై.
"నా చిట్టీ సంగతి దీనికెట్ల తెల్సింది" అన్న.
లింగస్వామి నవ్విండు.

జానీపాష టార్చి పండ్లల్ల కరుచుకోని
సిటీ కింద దూరిండు.
"తుప్పుంది అక్కా. బుష్షులు పోయినయి.
రబ్బర్లకు గోషామహల్ సందులు తిరగాలె,
ఫిట్‌నెస్సుకు నల్లగొండల ఒక పొద్దు పోతది.
ఇంజను మాత్రం ఇంకా చిన్నపిల్లనే."
పోలో కింద అసలు పండుకోలే.
టైరును కాలుతోని తట్టి,
"బాగున్నన్ని దినాలు బాగుంటది.
గేరుడబ్బ పోయిన్నాడు లక్షన్నర.
నేను ముట్టను, హైద్రాబాదుకే" అన్నడు.

ముందు పోలో తీసిన.
అడగకముందే ఇచ్చే మనిషి లెక్క ఉరికింది.
నూట ఇరవై ఎప్పుడైందో తెల్వలే,
ముల్లు చూస్తే తెల్సింది.
బాగుంది. అబద్ధమెందుకు, మస్తు బాగుంది.

తర్వాత సిటీ.
నాలుగువేల దాక ఉత్త సంసారి.
గేర్లు నేనే మార్చాలె, తప్పులు నేనే చెయ్యాలె.
ఐదున్నర వేలు దాటంగనే
గొంతు మారింది,
ఇంతసేపు ఊకున్నామె
పంచాయితీల లేచి నిలబడ్డట్టు.
రోడ్డు నా మోచేతుల దాక వచ్చింది.
తొంభై కాడ్నే కడుపుల చల్లబడ్డది.

వాపసొచ్చి రెండిటిని ప్లేటెక్కిచ్చిన.
అలవాటు, ఇంకేం లేదు.
సిటీ వెయ్యిన్ని అరవై.
పోలో పదకొండు వందల తొంభై.
నూటముప్పై కిలోలెక్కువ:
గాలిసంచులు, కంప్యూటర్లు, రేకు మందం,
నేను చావకుండ ఏ దేశంలనో ఎవరో కూచోని
పడ్డ రంది.
దాన్ని తక్కువ చెయ్యబుద్ధి గాలే.
ఆ అంకెను చానాసేపు చూసుకుంట నిలబడ్డ.

కానీ పోలో కొంటే చిట్టీ అంత ఊడ్చుకపోతది.
ప్రతి గుంత కాడ గేరుడబ్బ యాదికొస్తది.
భయపడుకుంట నడిపేదానికి
అంత ఉరుకుడెందుకు?
సిటీకింకో లక్ష పెట్టినా
లక్షా ఇరవై చేతుల మిగులుతది.
ముందుగాల టైర్లు, బ్రేకులు. రంగు తర్వాత.
గాలిసంచులు మాత్రం ఏ సందుల దొర్కయి.
అది తెలిసే
పదివేలు బయానా ఇచ్చిన.

జానీపాషను బటన్ కాడ కూచోబెట్టి
సిటీల నేనెక్కి కూచున్న.
పదకొండు వందల ఇరవై.
తీసేస్తే అరవై.
సరుకేందని అడిగింది మిషిను.
వడ్లు, బియ్యం, నూకలు, తవుడు, ఊక.
"ఏం కొట్టాలె అక్కా?"
ఆ వరుస పదేండ్ల కింద నేనే ఎక్కిచ్చిన.
"కిందికి పో, ఆఖర్ల ఇతరములు ఉంటది చూడు."

చీటీ వచ్చింది.
సేటు లెక్క తప్పొద్దని
మూడు తూకాలకు నూటయాభై
గల్లపెట్టెల ఏసిన.