వెనక ఏమీ లేని తలుపు

కిందటి చలికాలమంతా బెనాయా
ఒకే ఇన్‌స్పెక్టరు వెంట తిరిగాడు, సోఫా దిగకుండా.
పదకొండు సీజన్లు. హత్యలు నలభై పైన.
అందుకే ఈ సెలవులకి సముద్రం లేదు,
యార్క్‌షైర్ కొండల మధ్య ఈ రాతిపల్లె,
మనుషులకంటే గొర్రెలెక్కువున్న చోటు.
టీవీలో దీనికి వేరే పేరు.

నా సెలవులు బుధవారం రాత్రే మొదలయ్యాయి
లీడ్స్‌లో, మా వంటింట్లో,
గోంగూర ప్రతి ఆకునీ లైటుకి పట్టి
పురుగుందేమోనని వెనకాముందూ చూస్తూ.
మాంసం డబ్బాకి నీలం టేపు, పాల డబ్బాకి ఎర్ర టేపు.
పులిహోరకి ఏ టేపూ లేదు,
అది ఏ పార్టీలోనూ చేరలేదు, ఎవరి పక్కనైనా కూర్చుంటుంది.
అద్దె కాటేజీ ఓవెన్‌ని నేను నమ్మను.
చేపకి అల్యూమినియం రేకు రెండు చుట్లు చుట్టాను,
పసిబిడ్డని మంచులోకి తీసుకెళ్తున్నట్టు.

"ఇదిగో పోలీస్ స్టేషను!"
అది ఊలు దుకాణం.
"ఇదిగో, డాక్టర్ని తోసేసిన వంతెన!"
కింద నీళ్ళు మోకాలి లోతు.
తిర్సా వంగి చూసి, "చచ్చేంత లేదు నాన్నా" అంది.
బెనాయా వినిపించుకోలేదు.

తర్వాత కెఫే.
ప్రతి ఎపిసోడ్‌లోనూ ఇన్‌స్పెక్టరు కిటికీ పక్కన
పంది మాంసం శాండ్‌విచ్ నములుతూ
హంతకుడెవరో కనిపెట్టే బల్ల.
గోడ మీద అతని ఫోటో, మెనూలో అతని పేరుతో అదే ప్లేటు.
మేం మూడు టీలు అడిగాం, కాగితం కప్పుల్లో.
ఆ వాసన, అబద్ధమెందుకు, బాగానే ఉంది.
బెనాయా ఆ కుర్చీలో కూర్చున్నాడు
ఖాళీ బల్ల మీద మోచేతులు ఆన్చి,
ఏదో తట్టబోతున్నట్టు ముఖం పెట్టి, ఫోటోకి.

"ఏమీ తినరా? శాకాహారులా?"
అడిగింది యజమానురాలు మావిస్, చెంచాలు తుడుస్తూ.
"కాదండీ, యూదులం."
ఆమె మా ముఖాలు చూసింది.
మళ్ళీ ఒకసారి చూసింది.

ఆ రెండో చూపు నాకు కొత్త కాదు.
తెనాలి ఆఫీసులో మతం అన్న గడి దగ్గర
పెన్ను ఆపిన గుమాస్తాది ఆ చూపే.
ఇక్కడ సినగాగు గుమ్మంలో, ఎంతో మర్యాదగా,
"ఎప్పట్నుంచి?" అన్న పెద్దాయనదీ అదే.
ఏం చెప్పను?
మా తాత శుక్రవారం పొద్దువాలే లోపు
పొగాకు బ్యారన్ దగ్గర పని వదిలి వచ్చేసేవాడు,
కూలి కోసినా సరే.
ఎందుకంటే, "మనమింతే" అనేవాడు.
అంతకు మించి నా దగ్గర కాగితాల్లేవు.

ఊరి చివర ఇన్‌స్పెక్టరు ఇల్లు.
ఇల్లు కాదు, గొడ్ల కొట్టం గోడకి మేకులతో కొట్టిన
ఆకుపచ్చ తలుపు. లాగితే రాదు.
"వెనక ఉత్త రాయేనా?" అని బెనాయా
మొదటిసారి నీరుగారిపోయాడు.
తిర్సా మాత్రం అలవాటు కొద్దీ
కుడివైపు ద్వారబంధం తాకి వేళ్ళు ముద్దుపెట్టుకుంది.
అక్కడ మెజూజా లేదు.
పెదవికి పెయింటు పెచ్చు అంటుకుంది.

గాలికి వెనక్కి తిరిగి కూర్చుని
బెంచీ మీద నీలం డబ్బా విప్పాం.
చల్లబడ్డ కోడికూర, పులిహోర, గోంగూర.
ఒక గొర్రె గోడ మీంచి తల పెట్టి అంతా గమనించింది.
అప్పుడొచ్చింది మావిస్, రొప్పుతూ,
ఏప్రన్ జేబులో మూడు ఆపిల్స్.
"కత్తి తగల్లేదు, నీళ్ళతో కడిగానంతే.
అయిదో సీజన్‌లో సౌండు మనిషొకడు ఉండేవాడు,
అందరూ నా శాండ్‌విచ్‌లు తింటుంటే
వ్యానులో కూర్చుని తొక్కతో పండు కొరికేవాడు.
ఎవరిలా ఉన్నారా అని ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నా."

బెనాయా నావైపు చూశాడు.
నేను ఆపిల్‌వైపు చూశాను.

చెట్టు పండుకి చెప్పే మాట చెప్పి కొరికాం.
పుల్లగా ఉంది.
గోంగూర తిన్న నోటికి అదో లెక్కా!
కోడికూర తిన్నాం కనక
ఐస్‌క్రీమ్‌కి ఇంకా రెండు గంటల నలభై నిమిషాలు.
తిర్సా లెక్కపెడుతోంది.