హూబహూ

కోఠీలో కంటి దవాఖానా వెనక సందు,
రెండో అంతస్తు.
యాకూబ్ అలీ గారు నన్ను కిటికీ వైపు తిప్పి
మిగిలిన కంటిని చాలాసేపు చూశారు.
తేనెరంగులో రవ్వంత పాచిరంగు కలిపారు.
ఎర్ర పట్టుదారాన్ని పోగులుగా చీల్చి
తెల్లగుడ్డు మీద నరాలు అతికించారు.
"మరీ తెల్లగుంటే ఎవరు నమ్మరమ్మా."

పెట్టి, అద్దం చేతికిచ్చి
"హూబహూ" అన్నారు.
"అచ్చం" అంది అమ్మ.

మెట్లు దిగుతుంటే తట్టింది:
నా కుడికంటిని ఇన్నేళ్లలో
అచ్చం అన్నవాళ్లు లేరు.
ఉన్నదాన్ని ఏమీ అనరు.
కానిదానికే ఆ మాట,
చంటిదానికి దిష్టిచుక్కలా.

మెహిదీపట్నం బస్సులో కండక్టర్
చిల్లర లేదని రెండు కళ్లలోకీ చూసి కసిరాడు.
ఎంత సంతోషమేసిందో!

ఒక్కటే తేడా వచ్చింది.
కొలతలకి వెళ్లే ముందురాత్రి నాకు కునుకు లేదు.
ఆ ఎరుపునే దించారాయన, ఒక్క పోగూ వదలకుండా.

ఇప్పుడు ఒళ్లు మరిచి పడుకుని లేచిన పొద్దున కూడా
పాలగిన్నె దించుతూ, నా ఎడమవైపు నుంచి
అమ్మ అడుగుతుంది:
"రాత్రి నిద్ర పట్టలేదా?"