ఏడో రాయి

నిములే సరిహద్దులో కాటా మీద
మా మూట తూచారు.
జొన్నలు నాలుగు కిలోలు, ఒక దుప్పటి,
ఆపైన ఇంకేదో బరువు.
"లోపలేముంది?" అన్నాడు యూనిఫాం కుర్రాడు.
"మా వాళ్లు" అంది యేనో అవ్వ.

విప్పితే రాళ్లు.
పిట్టగుడ్డంతవి, నున్నగా,
ఒకటి మాత్రం ఎండకు అడ్డం పెడితే వెలుతురు తాగేది.
నవ్వి, అతనే మళ్లీ ముడేసి ఇచ్చాడు.
కుండలు వదిలేసింది, తాత ఈటె వదిలేసింది,
వీటిని మాత్రం చంటిబిడ్డలా
వీపున కట్టుకుని నడిచింది.

బయల్దేరినవి ఏడు. చేరినవి ఆరు.
అస్వా ఏరు దాటుతుంటే ఒకటి జారిపోయింది.
నేను ఏడ్చాను. అవ్వ ఏడవలేదు.
"పెద్దది కదా, ఇల్లు విడిచి రానంది."
అంతే.

మబ్బు మొండికేసిన ఏడాది
ఊళ్లో వీటిని కడిగి నువ్వుల నూనె రాసేవాళ్లు.
చిన్నప్పుడు తెలియక నేను వీటితో అచ్చనగాయలాడాను.
ఆ రాత్రే వాన. కల్లంలో జొన్న మొలకెత్తింది.
నన్నెవరూ కొట్టలేదు.
ఒక్కో రాయినీ పేరుపెట్టి పిలిచి
తప్పయిందని చెప్పమన్నారు.
అప్పుడే తెలిసింది
అవన్నీ మా ముత్తవ్వల పేర్లని.

శిబిరంలో నూనె డబ్బాల్లో వస్తుంది, నెలకొకటి.
అవ్వ దాన్ని రాళ్లకు తగలనివ్వదు.
"ఈ మట్టి మనది కాదు, ఈ ఆకాశానికి మనం చుట్టాలం కాము.
అడక్కుండా ఎవరి కడవలోనైనా చెయ్యి పెడతామా?"

మూడో నెలా ఎండిపోయింది.
ఓ సాయంత్రం ఈ నేల మనిషి, వుచిరి ముసలాయన,
మా టార్పాలిన్ ముందు చెప్పులు విడిచాడు.
చంకలో ఆకు మూత కట్టిన కుండ.
దాన్లో ఆయన వాళ్లు.
ఆయనకు మా బారి మాటలు నాలుగొచ్చు,
అవ్వకు అరబ్బీ మాటలు నాలుగు.
ఆమె చాప జరిపింది.
ఆయన జేబులోంచి దగ్గుమందు సీసా తీశాడు,
మూత తిప్పగానే నువ్వుల వాసన,
నాకు ముక్కుపుటాలు మండాయి.

ఆ రాత్రి మా మూటా ఆయన కుండా
పక్కపక్కన పడుకున్నాయి.
వాన ఇంకో పదిరోజులకు గానీ రాలేదు,
దాని సంగతి వేరు.

తెల్లారి ఆయన లేచి కుండ ఎత్తుకున్నాక
అవ్వ అలవాటుగా లెక్కపెట్టింది.
మా మూటలో ఏడు.

కొత్తదాన్ని అరచేతిలో ఉంచుకుని
దీని పేరేమిటని అడిగింది.
ఆయన చెప్పాడు.
అవ్వకు నోరు తిరగలేదు.
మళ్లీ చెప్పాడు.