నోటి పక్కన పిట్ట

యాభై ప్రశ్నలు తప్పనిసరి.
అందులో నలభై రాకపోతే
మిగతా నూటతొంభై ఎంత బాగా రాసినా
పేపరు పక్కన పడేస్తారు.

పొటాషియం మూడున్నర నుంచి అయిదు.
పెద్దవాళ్ల నాడి అరవై నుంచి వంద.
ఇవి నాకు కొత్తా?
మౌమెరె ఆసుపత్రిలో ఆరేళ్లు
ఐసియు రాత్రుళ్లు నావే.
అక్కడ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.
ఇక్కడ పట్టపగలు అడిగినా
నోట్లో పిండి పోసుకున్నట్టుంటుంది.

యొకొతెలో మంచు సగం కిటికీ దాకా వచ్చింది.
కిరోసిన్ స్టవ్ మీద కెటిల్ గొణుగుతోంది.
తియుర్ కార్డు ఎత్తి చూపిస్తుంది. నేను చెప్పాలి.
జొకుసో.
రోగం చూరు కింద గాదె బొమ్మ.
గాదెలో ఏం నిలవ చేస్తారే, అంటాను.
నొప్పి, అంటుంది తియుర్,
నవ్వదు.
పడక పుండు. అంతే కదా.
రెండు గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పడం
నా అరచేతులకు తెలుసు.
నడుము కింద ఎముక మీది ఎరుపు
నొక్కితే తెల్లబడుతుందో లేదో నా వేలికి తెలుసు.
వేలు పరీక్ష రాయదు.

మా మీద దయతలచి
కష్టమైన అక్షరాల నెత్తిన చిన్న అక్షరాలు అచ్చువేస్తారు.
చదవగలను. గడగడా చదవగలను,
మా అమ్మమ్మ లాటిన్ ప్రార్థన చదివినట్టు.

జనవరి మూడు.
హతాకెయామా గారికి తొంభై ఒకటి.
రైలు పట్టాల మీద మంచు తవ్వి తవ్వి
వేళ్లు వంకరపోయిన మనిషి.
పండుగ కదా అని కూతురు
దంచిన అన్నపు ముద్ద, మోచి, గోరంత తుంచి
మేం చూడకుండా ఆయన నోట్లో పెట్టింది.

దగ్గలేదు. భయం అందుకే.
దగ్గుంటే గాలున్నట్టు.
పెదవులు నేరేడు రంగు.
ముందుకు వంచి, భుజాల నడుమ,
అరచేతి మొదలుతో
ఒకటి, రెండు, మూడు,
నాలుగు,
అయిదు.
సగం వచ్చింది. సగం రాలేదు.

గోడకు సక్షన్ గొట్టం వేలాడుతోంది.
మౌమెరెలో అది నా చేతికి ఆరో వేలు.
ఇక్కడ నేను సహాయకురాలిని, లైసెన్సు లేనిదాన్ని,
ముట్టుకోకూడదు.
గంట నొక్కాను. ఆరు. ఏడు.
దెబ్బకీ దెబ్బకీ మధ్య నా చెయ్యి
గొట్టం వైపు రెండుసార్లు వెళ్లి
తిట్లు తిన్న పిల్లలా వెనక్కొచ్చింది.
నడవాలో కుమగాయ్ సిస్టర్ చెప్పుల చప్పుడు లెక్కపెట్టాను.
ముప్పై ఎనిమిది అడుగులు.
ఇప్పటికీ ఏ కార్డు మీదా లేని ఆ అంకె
నేను మరిచిపోలేదు.

ఆయన బతికాడు.
సాయంత్రం నన్నే తిట్టాడు, తన యాసలో,
వీపు నొప్పి పుడుతోందని.
కూతురు కుమగాయ్ సిస్టర్‌కి వంగి వంగి దణ్ణాలు పెట్టింది.
సబబే.
గొట్టం పట్టింది ఆవిడ.

ఆ రాత్రి తియుర్ తీసిన కార్డు: గోఎన్.
మింగింది ఊపిరి దారిలో పడడం.
మొదటి అక్షరం, తప్పు.
రెండోది, నోటి పక్కన వానకోవెల పిట్ట.
ఇన్ని నెలలూ గీతల గుట్టలా కనిపించింది
ఉన్నట్టుండి రెక్కలు కొట్టుకుంది.
దారి తప్పి
లోపలికి ఎగిరిన పిట్ట.
కుడి శ్వాసనాళం లావు, పొట్టి, నిటారు;
జారింది ఎక్కువసార్లు కుడివైపుకే పోతుంది.
చెప్పేశాను, ఆ భాషలోనే, తడుముకోకుండా.
"ఇది వచ్చేసింది, పక్కన పెట్టు" అంది తియుర్.
పెట్టలేదు. దిండు కింద దాచుకున్నాను.

సెందాయ్‌కి బస్సు తెల్లవారుజామున నాలుగింటికి.
బూట్లు స్టవ్ పక్కన ఆరుతున్నాయి.
పెన్సిళ్లు నాలుగు చెక్కాం, రబ్బరు ఒక్కటే ఉంది,
కోసి చెరిసగం తీసుకున్నాం.
లైటు తీసేశాక చీకట్లో మళ్లీ మొదటి నుంచి.
పొటాషియం మూడున్నర నుంచి...
తియుర్, నిద్రపోయావా?
అయిదా, అయిదున్నరా?