ఒక రోజు తక్కువ

న్యూ బెడ్‌ఫర్డ్ కోర్టులో దుబాసీని నేను.
ఇటు మాట అటు అప్పజెప్పి
మధ్యలో నేను లేనట్టు నిలబడటం నా ఉద్యోగం.
పదకొండేళ్లుగా లేకుండా ఉన్నాను.

ఆ మంగళవారం వంతు జెఫరీనోది.
చేపలు కోసే షెడ్డులో రాత్రి పని.
అరచేతిలో రేఖలేవో కత్తిగాట్లేవో
జాతకం చెప్పేవాడు కూడా తేల్చలేడు.
ఫోగో దీవి నుంచి ఇరవై రెండేళ్లకి వచ్చాడు,
ఇప్పుడు నలభై ఒకటి. గ్రీన్ కార్డు అంచులు నలిగిపోయాయి.
బార్ బయట పార్కింగ్‌లో ఎవడో వాళ్లమ్మని తిట్టాడు,
ఇతను కొట్టాడు. ఒక్క దెబ్బ.
వాడి పన్ను ఊడింది. కేసంతా అంతే.

ప్రభుత్వ ప్లీడరు నవ్వుతూ కాగితం ముందుకు జరిపాడు:
ఏడాది శిక్ష, అమలు చెయ్యం, ఇంటికి పోవచ్చు.
'సస్పెండెడ్'కి మా క్రియోల్లో మాట తట్టలేదు,
వేలాడదీసిన శిక్ష, అన్నాను.
జెఫరీనో పైకప్పు వంక చూశాడు.
తర్వాత, గండం గడిచిందన్న మొహంతో
పెన్ను అడిగాడు.

ఆ పెన్ను మీద చెయ్యి వేసింది మోరీన్ టియర్నీ.
కోర్టు ఇచ్చిన లాయరు.
చలికాలమంతా ఒకటే గోధుమరంగు కోటు,
జేబులో సగం కొరికిన బిస్కట్టు.
"వద్దు" అంది.
"వద్దు" అన్నాను నేను, మా భాషలో.
ఆ వద్దన్నది నేనే అన్నట్టు
అతను నా మీద కళ్లెర్రజేశాడు.

వరండాలో బెంచీ మీద కూచోబెట్టి చెప్పింది:
ఈ దేశంలో నీకు రెండు పుస్తకాలు జెఫరీనో.
మొదటి దాంట్లో నువ్వు చేసింది చిన్న తప్పు.
రెండోది తప్పుని చదవదు, అంకెని చదువుతుంది.
ఏడాది అని రాసి ఉంటే చాలు,
ఒక్క పూటైనా జైల్లో ఉన్నావా అని అడగదు,
విమానం ఎక్కిస్తుంది.
కూతురు ఇక్కడి బళ్లో ఐదు చదువుతోందన్నా వినదు.

"మరి ఎంత?"
"మూడు వందల అరవై నాలుగు రోజులు."

తప్పు విన్నాననుకుని మళ్లీ అడిగాను,
దుబాసీలు అలా అడగకూడదు.
ఆమె ఒక వేలు చూపించింది.

ఒక్క రోజుకి ఇంత రాద్ధాంతమా, అన్నాడు ప్లీడరు.
ఒక్క రోజేగా, వదిలెయ్యండి, అంది ఆమె.
నాలుగుసార్లు ఆ గదిలోకి వెళ్లింది.
వచ్చిన ప్రతిసారీ ఏమీ చెప్పకుండా
గోడపక్క కుళాయి దగ్గర నీళ్లు తాగింది.
పన్ను కట్టించే ఖర్చు వాయిదాల్లో ఇప్పిస్తానంది,
షెడ్డు మేస్త్రీ చేత ఉత్తరం రాయిస్తానంది,
మూడోసారి లోపల అరుపులు వినబడ్డాయి.
అవి తిరగేసి చెప్పే పని లేదు గనక
మొదటిసారి కోర్టులో మామూలు మనిషిలా విన్నాను.

జడ్జి చదివాడు. నేను చెప్పాను,
ఎవరి డబ్బో లెక్కపెడుతున్నట్టు నెమ్మదిగా:
మూడు వందల
అరవై
నాలుగు.

"ఆ తీసేసిన రోజు ఏది?" అన్నాడు జెఫరీనో,
"ఏ నెలలోది?"
ఇంగ్లీషులో పెట్టాను. ఆమె నవ్వలేదు.
కాసేపు ఆలోచించి
"నీకు నచ్చింది తీసుకో" అంది.
అతను వేళ్లు మడుచుకుంటూ మెట్లు దిగాడు.

అయిపోలేదు. బోస్టన్‌లో ఇంకో జడ్జి, ఇంకో తారీఖు.
ఈ అంకె, తలుపు మూసుకుపోకుండా
సందులో పెట్టిన చెప్పు. అంతవరకే.
సాయంత్రానికి మోరీన్ బల్ల మీద
మరో ఫైలు, మరో ఇంటిపేరు,
నాకు రాని ఏదో భాష.

శుక్రవారం ఆమె ఆఫీసు గుమ్మంలో
కాగితంలో చుట్టిన కాడ్ చేప. పేరు రాసి లేదు.
ఆమె చేపలు తినదు. నా చేతిలో పెట్టింది.
ఇంటికెళ్లి కత్తి తీస్తే
నాకు పనే మిగల్చలేదు,
ముళ్లన్నీ ముందే ఏరేశాడు,
ఒకటి తప్ప.
అది నా పంటికి తగిలింది.