న వత్తు

లీలామహల్ సర్కిల్ దాటినాక
మందులషాపు పైన, రెండో అంతస్తు.
కింద కొండ దిగొచ్చిన గుండ్లు
గంధం ఆరకముందే టీ తాగుతుంటాయి.
వదిలించుకోవడం ఈ ఊరికి కొత్తగాదు.
జుట్టయితే మళ్ళీ వస్తాది.
మా దగ్గరికి వచ్చేవాళ్ళు
మళ్ళీ రాకూడదని వస్తారు.

చదరపు అంగుళం లెక్కన బిల్లు.
సెలక్షన్లకు పొయ్యే పిలగాడి మోచేతి మీద తేలు,
గంగమ్మ జాతరలో తాగి పొడిపించుకున్న పులి
(పులి అని వాడు చెప్తేనే తెలిసింది).
డాక్టరమ్మ లేజరు పడతాది.
నేను చల్లగాలి గొట్టం పడతా.

మా అవ్వ పాకాల పక్క పల్లెల్లో
పచ్చబొట్లు పొడిచేది.
ఆముదం దీపం మసి, ఆకుపసరు,
పచ్చి బాలింత ఇచ్చిన నాలుగు చుక్కల పాలు,
దారంతో కట్టిన మూడు సూదులు.
పేరుకు శేరు రాగులు.
"చచ్చినా వెంటొచ్చేది ఇదొకటే మే" అనేది.
నా ఉద్యోగం ఏందని అడిగితే
చర్మం ఆస్పత్రి అన్నా.
అంతకుమించి చెప్పలేదు, ఆమె పొయ్యేదాకా.

ఉగాదికి ముందు కుప్పమ్మ వచ్చింది.
అరవైకి రెండు తక్కువ.
కుడి ముంజేతి మీద నాలుగక్షరాలు.
మొగుడి పేరు నోటితో అనకూడదు గదా,
రేషన్ కార్డుకు, ఓటరు లిస్టుకు, ఆపరేషన్ కాగితానికి
"మీ ఆయన పేరు?" అంటే
చెయ్యి చాపేదంట.
జనాభా లెక్కల అయ్యవారు
కళ్ళద్దాలు పైకి జరిపి
చేతిలో చూసి రాసుకున్నాడంట.

రిజిస్టరు తెరిచి అలవాటుగా అడిగినా:
భర్త పేరు?
చెయ్యి కదల్లేదు.
"మునిరత్నం" అనింది,
తలుపవతల కూర్చున్నోళ్ళు తిరిగి చూసేంత గట్టిగా.
మళ్ళీ ఒకసారి, ఉప్పు చూసినట్టు, మెల్లగా:
"మునిరత్నం.
రేణిగుంటలో ఉండాడు. వేరే సంసారం. పదకొండేళ్ళు.
రాసుకో పాపా.
నోటికే వచ్చేసినాక చేతికెందుకు?"

కళ్ళకు కప్పులు పెట్టినాం.
పోపులో ఆవాల మాదిరి చిటపట.
కాలిన వెంట్రుక వాసన.
ఒక్కో అక్షరం పిండి చల్లినట్టు తెల్లబడింది.
"పొడిచిన రోజే నొప్పి ఎక్కువ.
ఆ ఎరుకలామె నా చెయ్యి తొడ మీద పెట్టుకోని
రెండో అక్షరం దాకా పాడింది,
ఆపైన తిట్టింది."

గొట్టం పక్కకు జరిగింది.
ఏ ఊరమ్మా అని అడగబోయి ఆగినా.
పాడి తిట్టేవాళ్ళు ఆ పక్క చానామంది.

మసి యాడికీ పోదు, అనింది డాక్టరమ్మ.
పొడిపొడై ఒంట్లోకే ఇంకుతుంది.
ఒళ్ళే మోసుకుపోయి, కొంచెం
చంకలో గడ్డల్లో దాచుకుంటుంది.
"చంకలోనా?" కుప్పమ్మ నవ్వింది.
"ఉండనీలే. ఆడ ఎవురూ చదవరు."

ఇది నాలుగో సిట్టింగు.
ము లేదు. ని లేదు.
ర ఉందంటే ఉంది.
త కింద న వత్తు మాత్రం
గోరు దిగినంత లోతుగా, అట్లే.
ఇంకోసారి రావాల, ఆరు వారాలకు.

మా అవ్వకు చదువు రాదు.
కాగితం మీద రాసిస్తే
బొమ్మ చూసినట్టు చూసి పొడిచేది.
వత్తు దగ్గర మాత్రం
సూది గట్టిగా నొక్కేది.
కింద ఏ ఆసరా లేదు గదా,
పడిపోతుందేమోనని.